మా యారాలు అడిగిన గిరక

మొన్న మా యారాలి దినాలకు పోయొచ్చిన. యారాలంటే మా ఆయనకు అన్న భార్య, ఆ ఇంటికి పెద్ద కోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. బంతిల కూర్చొని తింటుంటే నా పక్కనున్న ముసలామె, మా అత్తకు వరుసకు చెల్లె, "పాపం, మనిషి మంచిదే గని పనిదొంగ" అన్నది. ఆమె అవతల కూర్చున్నామె నవ్వి, "ఊక ఇసిరిన కోడలు గదనే" అన్నది. చచ్చిపోయిన మనిషి ఇంట్ల, ఆమె పేరు మీద వండిన అన్నం తినుకుంట.

నేను ఊకోలే. ముగ్గురు చేసే పని ఆమె ఒక్కతి చేసింది, మీకేం తెలుసని అడిగిన. వాళ్లు నా మొహం దిక్కు చూసి నాకు దుఃఖం ఎక్కువైందనుకున్నరు. ముసలామె నా ఈపు మీద చెయ్యేసి తిను బిడ్డా అన్నది. ఒక్కరు కూడ నమ్మలే. బస్సెక్కి ఇంటికి వచ్చేదాక ఆ ముసలామెకు చెప్పాల్సినయన్ని నాకు నేనే చెప్పుకున్న.

మాది నేతపని చేసే ఇల్లు. పొద్దుగాల బండి కట్టుకొని బయలెల్లితే అన్నం యాళ్లకు వేములవాడ చేరేటంత దూరంల ఉంటది మా ఊరు. రజాకార్ల గొడవ సల్లబడ్డ కొత్తల నా పెండ్లయింది. నేను కాపురానికి వచ్చేటాలకు ఆమె ఆ ఇంట్ల పాతదైపోయింది. ముందటి అర్రల మామ, బావ, మా ఆయన మగ్గాల మీద ఉండేటోళ్లు. వెనుక దిక్కు మా ముగ్గురిది, అత్తది, అక్కది, నాది. వంట, నీళ్లు, ఇసురుడు, అన్నిటి నడుమ మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఇచ్చుడు.

నేను వచ్చిన మొదటి పొద్దు, మసిబట్టిన గిన్నెలు ముందలేసుకొని ఇటుకపొడితోని రుద్దుతున్న. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "జర ఆగు, సూడనియ్యి" అన్నది. ఒక చెయ్యి నడుము మీద పెట్టి, ఇంకో చేతి వేళ్లతోని కింది పెదవి పట్టుకొని, ఆ గిన్నెల దిక్కు ఎవరో తెల్వని మనిషి వాకిట్లకు వచ్చినట్టు చూసింది. నాకు నవ్వొచ్చింది. అటెనుక ఎన్ని వందల సార్లు ఆ నిలబడుడు చూసిన్నో. ఏ పనైనా సరే, చేసే ముందల ఆమె దాన్ని చూడాలె. ఎక్కడ ఎక్కువ నొప్పి పెడుతున్నదో, అక్కడ ఏం చేస్తే తప్పుతదో ఆలోచించాలె. ఆ నాడు మాపటి వంటకు గిన్నె అడుక్కు మట్టి, బూడిద తడిపి పలుసగ పూసి పొయ్యి మీద పెట్టించింది. తెల్లారి నీళ్లు పోస్తే మట్టితోని పాటే మసి జారిపోయింది. నా గోర్లల్ల నలుపు పట్టలే.

అట్లాంటివి ఆమె దగ్గర చాన ఉండె. ఎల్లిగడ్డల మీద నాలుగు నూనె చుక్కలు రుద్ది ఎండల పెట్టి, గుడ్డల ఏసి నలిపితే పొట్టు దానంతట అదే ఊడేది. చింతపండు పిసికినంక పిప్పి పారెయ్యనిచ్చేది కాదు, ఉప్పు కలిపి దాచి ఇత్తడి బిందెలకు వాడేది. కండెలు చుట్టేటప్పుడు దారం తెగితే ఒంగి వెతుక్కోకుండ, కాలి బొటనవేలికి మైనం రాసుకొని కూర్చునేది. కింద పడ్డ పోగు వేలికి అంటుకొని పైకి వచ్చేది. ఇవన్ని ఎవరు నేర్పిండ్రని అడిగితే, ఎవరు నేర్పుతరు, నొప్పి లేస్తే మనిషికి తెలివొస్తది అనేది.

మా అత్తకు ఇవేవీ నచ్చకపోయేది. అత్త చెడ్డ మనిషేం కాదు. ఏండ్ల తరబడి బాయిల నీళ్లు చేదీ చేదీ ఆమె కుడి భుజం పైకి లేవకుండ అయింది. తల దువ్వుకునేటందుకు కూడ ఎడమచెయ్యే. ఆ భుజం పోగొట్టుకొని ఇల్లు నిలబెట్టిన్నని ఆమె అనుకునేది. పని అలకగ అయ్యేదే అయితే తన భుజం ఉత్తగనే పోయినట్టు గద. ఆ సంగతి నాకు చాన ఏండ్లకు అర్థమైంది. అప్పట్ల నాకు కోపమే వచ్చేది.

ఒకసారి అక్క ఒక పొడుగు కట్టెకు చీపురు గట్టి నిలబడి వాకిలి ఊడ్చింది. గల్లీల ఆడోళ్లు గడపల్ల నిలబడి నవ్విండ్రు. అత్త వచ్చి కట్టె ఊడదీసి పొయ్యిల పెట్టింది, ఒంగకుండ ఊడ్చుడు ఇంటికి అరిష్టమన్నది. అక్క మారుమాట అనలే. తెల్లారి ఒంగే ఊడ్చింది. నడుము పట్టుకొని లేసుకుంట, ఇంకో కట్టె దొర్కకపోతదా అన్నది నాతోని.

శివరాత్రికి వేములవాడ జాతరకు పోతే మేమంత గాజుల దుకాణాల ముందల ఉంటే ఆమె ఇనుప సామాన్లోని దగ్గర ఉండేది. ప్రతి గరిటె చేతిలకు తీసుకొని, తిప్పి, ఏదో అడిగి, కింద పెట్టేది. దుకాణమాయన ఇసిగిపోయేటోడు. ఒక ఏడు గాజులు కొనుక్కోకుండ చాయ వడగట్టే తీగల జాలి కొనుక్కొచ్చింది. అప్పటిదాక మేము గుడ్డల వడగట్టేది, ప్రతిసారి ఆ గుడ్డ పిండి ఆరేసుడు ఒక పని. జాలి వచ్చినంక ఆ పని పోయింది. కొన్ని దినాలు ఆమె మొహం చూస్తే చాయ తాగినోళ్లకంటే వడగట్టిన ఆమెకే ఎక్కువ రుచి తెలిసినట్టు ఉండేది. మల్ల ఒకనాడు బావ వంటింట్లకు వచ్చి దాన్ని చూసిండు. నూలుకు అద్దే రంగుల పిసర్లు వస్తున్నయి, ఇది మంచిగ పనికొస్తదని పట్టుకపోయిండు. ఆ జాలి నీలిరంగు పట్టి, రంగు కాగు పక్కన మొలకు ఎలాడుకుంట ఉండిపోయింది. మేము మల్ల గుడ్డ తీసినం.

ఆమె ఏడ్వలే, కొట్లాడలే. నాకు అదే కోపం తెప్పించేది. అడుగక్కా, నీది నువ్వు తెచ్చుకో అంటే, వాళ్లకు అక్కెర ఉన్నది గద అనేది. మనకు లేదా అంటే చాయ గుడ్డ పిండి దండెం మీద ఏసేది.

ఇగ ఊక సంగతి.

మాకు దినాం జొన్నలు ఇసురుడు ఉండేది. గట్క వండుకునేటందుకు కొంత బరక, రొట్టెలకు కొంత మెత్తగ. ఇద్దరం ఎదురుబొదురు కూర్చొని తిప్పితే రెక్కలు పడిపోయేటియి. అక్క ఆ ఇసుర్రాయి దిక్కు ఎన్ని దినాలు చూసిందో, ఒకనాడు పొడుగు ఎదురుబొంగు తెచ్చింది. పై కొనను దూలానికి వదులుగ తాడుతోని కట్టింది, కింది కొనకు రంధ్రం చేయించి రాయి మీది పిడికి తొడిగింది. ఇగ నిలబడి ఆ బొంగును ముందటికి ఎన్కకు నెడుతుంటే రాయి దానంతట అది తిరిగినట్టే తిరిగింది. బరువు దూలం మీద, తిరుగుడు రాయిది, మాది ఉత్త నూకుడే. సగం యాళ్లల్ల పిండి అయిపోయింది. నాకు సంతోషమైంది. అత్త వచ్చి చూసి, చేతులు ఖాళీ అయినయి గద అని రెండు గంపల నూలు తెచ్చి ముందల పెట్టింది, కండెలు చుట్టుమని.

తెల్లారీ అదే, ఆ తెల్లారీ అదే. మేము ఎంత తొందరగ ఇసిరితే అన్ని ఎక్కువ కండెలు. నాకు తల పగిలిపోయేది. మిగిలించిన యాళ్లతోని నువ్వేం చేద్దామనుకున్నవక్కా అని అడిగిన. ఆమె నిజంగనే సిగ్గుపడ్డది.

"నాకు పండుకోవాలె చెల్లే. పొద్దంత గాదు. అన్నం తిన్నంక ఒక్క కునుకు. మొగోళ్లు మగ్గం దిగి పండుకుంటరు గద, గట్ల" అన్నది.

గంతే. ఏదో నేర్చుకుందామని గాదు, ఎక్కడికో పోదామని గాదు. కునుకు. కోడి కూయకముందు లేసే మనిషికి పగటీలి కండ్లు మూతలు పడుతుంటే, కండెలు చుట్టుకుంట రాట్నం మీద తల కొట్టుకున్న దినాలున్నయి.

అప్పుడు ఆమె ఇంకో ఉపాయం తీసింది. పిండి అయిపోయిందని చెప్పేది లేదు. ఒకరు రాయి తిప్పాలె, ఇంకొకరు అర్ర మూలకు సాపేసుకొని పండుకోవాలె. సప్పుడు వినవడుతున్నంతసేపు అత్త రాదు. మొదలు నేను ఉత్త రాయి తిప్పిన. ఆమె లేచి కూర్చున్నది, సప్పుడు మారుతున్నది, గుప్పెడు ఊక పొయ్యమన్నది. పోసిన. అచ్చం జొన్నల సప్పుడే వచ్చింది. ఆమె ఒక చెవి పెట్టి విని, తల ఊపి, మల్ల పండుకున్నది. నా వంతు వచ్చినప్పుడు నేనూ పండుకున్న. నా జన్మల అంత మంచి నిద్ర మల్ల పోలే.

కొన్ని వారాలు నడిచింది. ఒకనాడు అత్త గంప పట్టుకొని రానే వచ్చింది. నేను బొంగు నూకుతున్న. అక్క మూలకు ఒక పక్కకు ఒరిగి, నోరు తెరిచి, పసిపిల్ల తీరు నిద్రపోతున్నది. అత్త ఏమనలే. రాయి కిందికెల్లి చిటికెడు తీసుకొని వేళ్లతోని నలిపి చూసి, ముందటి అర్రలకు పోయింది. మాపటిలి మొగోళ్లు తింటుంటే నిమ్మళంగ చెప్పింది, మీ పెండ్లాలు ఊక ఇసురుతున్నరని. మామ చెయ్యి కంచంల ఆగింది. మా ఆయన పరాచికమనుకొని నవ్విండు. బావ తల ఎత్తలే. తెల్లారేసరికి గల్లీ అంతకు తెలిసింది. ఇద్దరం చేసిన పనే గని, పెద్దదని పేరంత ఆమెకే పోయింది. బొంగు పొయ్యిల కాలింది. ఇసుర్రాయిని అందరికీ కనవడేటట్టు ముందటి పంచకు జరిపిండ్రు. గా పేరే మొన్న బంతిల విన్న.

ఈ అన్నిటికంటే ముందటి నుంచి, నేను రాకముందు నుంచి, ఆమె అడిగేది ఒకటుండె. బాయికి గిరక. మా ఇంటెన్క బాయి మీద ఒక దుంగ అడ్డం ఏసి ఉండేది, తాడు ఒరిసి ఒరిసి దానికి లోతు గాడులు పడ్డయి. ఒంగి, కడుపు బిగవట్టి, నిండు బొక్కెన గుంజాలె. ఇంటికి, పశువుకు, నూలు ఉడికించి రంగులేసుటానికి, గంజి పెట్టుటానికి, అన్నిటికీ ఆ నీళ్లే. బావ కరీంనగరం పోతున్నా, హుజూరాబాద్ అంగడికి పోతున్నా, ఆమె గడప దాక వచ్చి గిరక తెమ్మని చెప్పేది. ఉప్పు తెమ్మన్నట్టే చెప్పేది, కొట్లాట లేదు, ఎత్తిపొడుపు లేదు. బావ తెస్త అనేటోడు. అబద్ధం గాదు, తెద్దామనే అనుకునేటోడు. గడప దాటంగనే మర్చిపోయేటోడు. మగ్గానికి చిన్న పుల్ల కావాలన్నా మర్చిపోకుండ తెచ్చేటోడు.

ఊర్లకు కరెంటు వచ్చినంక మామ, బావ షోలాపూరు పోయి పాత సాంచాలు తెచ్చిండ్రు. సాంచ అంటే కరెంటుతోని నడిచే మగ్గం. దాని కోసం గోడ పడగొట్టిండ్రు, కొత్తగ నేల గచ్చు చేయించిండ్రు, మిస్త్రీని తెచ్చి ఇంట్ల పెట్టుకొని అన్నం పెట్టిండ్రు. మొదటిసారి అది నడిచిన నాడు అక్క తలుపు దగ్గర నిలబడి, పెదవి పట్టుకొని చాన సేపు చూసింది. ఎవరో గని ఎంత మంచిగ ఆలోచించిండు అన్నది. ఆమెకు అసూయ లేకుండె. నాకుండె.

సాంచాలతోని పాటు ఒక సంచిల పాత సామాను వచ్చింది. అండ్ల నడుమ గాడి ఉన్న ఇనుప చక్రం ఒకటి ఆమె కండ్లబడ్డది. మోటరుకు పట్టా తిప్పే చక్రమట, ఉన్నదానికంటే ఎక్కువొచ్చిందని మూలకు పడేసిండ్రు. దాన్ని దీపాలల్ల పోసే గ్యాసునూనెతోని కడిగి, బూడిదతోని రుద్ది, కమ్మరాయనతోని కొక్కెం చేయించి, బాయి దుంగకు ఏలాడగట్టింది. తాడు గాడిల పడ్డది. నేను గుంజిన. బొక్కెన నిండి వచ్చినట్టే నాకు తెలవలే. సప్పుడు విని అత్త బయటికి వచ్చింది. మమ్మల్ని జరగమని, ఎడమచేత్తోని, ఆ ఒక్క చేత్తోనే, ఒక బొక్కెన గుంజింది. నీళ్ల గోలెంల పోసి లోపలికి పోయింది. ఆ దినం నుంచి చిన్న చిన్న ఉపాయాలకు అడ్డం వచ్చుడు తగ్గిచ్చింది. అక్క ఆ కొన్ని నెలలు ఇంట్ల పాట పాడుడు కూడ విన్న.

ఎండకాలం మొదట్ల మోటరు చక్రం పగిలింది. సాంచ ఆగింది. బావ పానా పట్టుకొని సక్కగ బాయి దగ్గరికి వచ్చిండు. నాలుగు దినాలాగు, కొత్తది తెచ్చి పెడ్త అన్నడు. అక్క చేతిల తాడు అట్లనే ఉన్నది.

"సాంచ ఆగితె ఊరంత ఎరుకైతది. బాయి ఆగితె నాకొక్కదానికే ఎరుక" అన్నది.

ఆయన చక్రానికి పానా ఏసిండు. విప్పుకొని పోయిండు. ఒకటి రెండుసార్లు ఆమె యాది చేసింది. తెస్త అన్నడు. ఆమె చేతులకు పాత కాయలు మల్ల లేసినయి.

ఒక పొద్దు బొక్కెన బాయి గట్టు మీద బోర్లిచ్చి, వచ్చి మెట్టు మీద కూర్చున్నది. తాగేటియి, వండేటియి చేదుత, రంగుకు గంజికి చేదనని చెప్పింది. గొంతు లేపలే. మామ ఎగిరిండు, ఆమె అవ్వగారింటికి కబురు పంపుత అన్నడు. అత్త, వింతగ, ఒక్క మాట అనలే. నేను చేదుతనని లేస్తే అక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. బావ తనే చేదబోయిండు. ఒక్క గోలెం నిండేసరికి అరచేతులు పొక్కినయి. ఆ మాపటికి, మీ ఇద్దరికి నీళ్ల తిప్పలు తప్పిస్తున్న, కూలి మనిషిని పెడుతున్న అన్నడు. నాకు గెలిచినట్టే అనిపించింది. అక్కకేమనిపించిందో మొహంల తెలవలే.

తెల్లారి ఆ మనిషి వచ్చిండు, హుజూరాబాద్ దిక్కు నుంచి బతకొచ్చినోడు. బాయిలకు తొంగి చూసిండు, దుంగ చూసిండు.

"గిరక ఏదన్నా? గిరక లేకుంటె నాతోని కాదు" అన్నడు.

బావ సరే అన్నడు. సైకిలెక్కిండు. పగటి అన్నం యాళ్లకు గిరక వచ్చింది. కొత్తది, నల్లరంగుది, నూనె వాసన వస్తున్నది. కూలాయనే బిగించిండు.

అక్క చాటల బియ్యం ఏరుతున్నది. చాట కింద పెట్టి వచ్చింది. కూలాయన జరిగిండు. ఆమె తాడు పట్టి బొక్కెన ఇడిచింది, గుంజింది, గోలెంల పోసింది. మల్ల ఇడిచింది, గుంజింది, పోసింది. గోలెం నిండింది. ఆమె ఆగలే. నీళ్లు అంచు దాటి వాకిట్లకు పారినయి, కట్టెలు తడిసినయి, గడప దాక వచ్చినయి. బావ, నిండింది గదనే అన్నడు. ఆమె ఇంకో బొక్కెన పోసింది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే గని ఇడువలే. లోపలికి పోయి చాట ముందల కూర్చొని మల్ల రాళ్లు ఏరుకున్నది.

అటెనుక కొన్నాళ్లకే మా ఆయనకు సిర్పూరు దిక్కు కార్ఖానల నౌకరి దొరికింది. మేము వేరే కాపురం పెట్టినం. మా ఇంటి యజమానురాలు సగం మరాఠీ, సగం తెలుగు. ఆమె ఇంట్ల వత్తుల పొయ్యి ఉండేది, గ్యాసునూనెతోని మండేది. పొగ లేదు, ఊదుడు లేదు. నేను మా ఆయనను అడిగితే మరుసటి జీతానికి తెచ్చిండు.

నాకు రెండో కాన్పు అయినప్పుడు అక్క పెద్దపల్లిల రైలెక్కి నా దగ్గరికి వచ్చింది. చాన బక్కగ అయింది. మూట కింద పెట్టంగనే ఆమె చూపు ఆ పొయ్యి మీద పడ్డది. గొంతుక్కూర్చొని వత్తి ఎక్కించింది, తగ్గించింది, కింది డబ్బ తట్టి చూసింది. నేను లేవలేకపోతుంటే చాయ ఆమెనే పెట్టింది. గ్లాసు నాకిచ్చి, తనది పట్టుకొని, నీలిమంట దిక్కు చూసుకుంట నిలబడ్డది. తాగలే.

ఎవరు తెచ్చిండ్రని అడిగింది. మీ మరిదే అని చెప్పిన. ఎన్నిసార్లు అడిగినవని అడిగింది. ఒక్కసారే అన్న. పక్కలున్న పసిది కదిలితే దాన్ని సవరించి, మల్ల నా దిక్కు తిరిగింది.

"ఏమని అడిగినవే?"

ఆమె నాతోని ఎకసెక్కాలాడుతున్నదేమో అనుకున్న. కాదు. నిజంగనే తెలుసుకోవాలని అడుగుతున్నది.

"ఏమున్నదక్కా, పొగకు కండ్లు మండుతున్నయి, గిట్లాంటి పొయ్యి నాకొకటి తెమ్మన్న."

ఆమె పెదవులు మెల్లగ కదిలినయి, నా మాటలనే లోపల అని చూసుకుంటున్నట్టు.

"నేను గూడ గట్లనే అడిగిన గదనే" అన్నది.